కందికట్టెకు కొలంబో దారి చూపిన ఆదిశేషయ్య గారు

1992 ఆగస్టు 17వ తేదీ, సోమవారంనాడు, నంద్యాలలోని కుందూ నూనె మిల్లులో గుమాస్తాగా అడుగుపెట్టిన శ్రీ ఆదిశేషయ్య గారు, ఆ మిల్లే కాలక్రమాన ‘కుందూ జీవ ఇంధనాల సంస్థ’గా రూపాంతరం చెందగా, దాని ఎగుమతుల విభాగాధిపతిగా 2026 ఫిబ్రవరి 28న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భంలో వెలువడుతున్న ప్రత్యేక సంచికకు వారిని గురించి వ్రాసే భాగ్యం నాకు దక్కింది. న్యాయానికి ఈ పని నంద్యాల ఆఫీసులో ఆయన ప్రక్క కుర్చీలో కూర్చున్నవారెవరో చేయవలసింది. ఆళ్లగడ్డ ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగం చూసుకుంటూ, పదిహేడేళ్లుగా ఆయనతో ఫోనులో వాదులాడుతూ వచ్చిన నాచేతనే వ్రాయించమని ఆయనే పట్టుబట్టారట. పొగిడేవాళ్లు సంచిక నిండా ఉంటారు, కాస్త కోప్పడేవాడు కూడా ఒకడుండాలని వారి ఉద్దేశం కాబోలు. ఆ బాధ్యతను నేను శిరసావహిస్తున్నాను.

నంద్యాల బజారులో మూడు తరాలుగా విత్తనాల అంగడి నడిపిన వర్తక కుటుంబంలో ఆయన జన్మించారు. గల్లాపెట్టె ముందు కూర్చోవలసిన బిడ్డ ఒకరి దగ్గర కొలువుకు కుదరడం ఇంట్లోవారికి బొత్తిగా నచ్చలేదని, నాయన కొన్నాళ్లు మాట్లాడలేదని ఆయనే చెప్పగా విన్నాను. కాని వర్తకుని చూపు మాత్రం ఆయనతోపాటే మిల్లులోకి వచ్చింది. విదేశాల నుండి చౌక నూనెలు దిగుమతై చుట్టుపక్కల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న రోజుల్లో, అందరూ నూనె ధర గురించి దిగులుపడుతుంటే, మిల్లు వెనుక గుట్టగా పడివున్న వేరుశనగ పొట్టును గురించి ఆలోచించిన మనిషి ఆయన ఒక్కరే. ఆ పొట్టును ఇటుక బట్టీలకు అమ్మడంతో మొదలైన ఆలోచన, 2009లో ఆళ్లగడ్డలో మా ఫ్యాక్టరీగా నిలబడింది. పొట్టు, ఊక, పత్తికట్టె, కందికట్టె పొడిచేసి, గట్టిగా ఒత్తి, చిటికెన వేలంత గుళికలుగా తయారుచేయడం మా పని. బాయిలర్లలో బొగ్గుకు బదులు వాటిని కాలుస్తారు.

ఫ్యాక్టరీ కట్టడం తేలిక, దానికి మేత తేవడం కష్టం. అప్పట్లో దొర్నిపాడు నుండి గడివేముల దాకా రైతులు పంట కోసిన తరువాత కట్టెను చేలోనే తగులబెట్టి చేతులు దులుపుకునేవారు. ఆదిశేషయ్య గారు ఊరూరా తిరిగి, రచ్చబండల దగ్గర కూర్చుని, పొద్దు గుంకేదాకా వారితో మాట్లాడేవారు. ఆయన మాటలో ఆశ పెట్టడం ఉండదు, బెదిరింపు ఉండదు. ఒకసారి చెప్పిందే మళ్లీ చెబుతారు, విసుగు లేకుండా. “కాల్చొద్దప్పా. కట్టె మాకియ్యి. ఒగ ఏడు కొని ఇంగొగ ఏడు ఎత్తేసే బాపతు కాదు మేము,” అనేవారు. ఆ మాటను నమ్మి కళ్లాలలో కట్టె కుప్పవేయడం మొదలుపెట్టిన తొలి రైతు దొర్నిపాడు పద్మమ్మ గారు. తాతల నాటి భూములను ఒంటిచేత్తో సాగుచేసే ఆ ఇల్లాలు నమ్మిన తరువాత తక్కినవారిని నమ్మించవలసిన అవసరం మాకు రాలేదు.

2012లో ఢాకా సమీపంలోని ఒక అద్దకపు మిల్లు మా గుళికలను అడిగింది. గుడ్డకు రంగు వేయాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలరు కావాలి, బాయిలరుకు మా సరుకు కావాలి. ఆళ్లగడ్డలో బయలుదేరిన లారీ బెంగాల్ సరిహద్దు దాటి పరాయి దేశంలో పొయ్యి వెలిగించడం మా అందరికీ గర్వకారణమైంది. ఆదిశేషయ్య గారు ఎగుమతుల విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటి నుండి నంద్యాల ఆఫీసు తేదీలు చెప్పడం, ఆళ్లగడ్డ ఫ్యాక్టరీ ఆ తేదీలను చూసి తల పట్టుకోవడం ఆచారంగా స్థిరపడింది. వర్షం వచ్చి కట్టె తడిసిందని నేనంటే, వాన సంగతి ఢాకావాళ్లకు నువ్వే చెప్పమని నంబరు ఇచ్చేవారు. అటువంటి మనిషితో పదిహేడేళ్లు వేగినందుకు నాకూ ఒక శాలువా కప్పవలసి ఉందని ఇందుమూలంగా యాజమాన్యానికి విన్నవించుకుంటున్నాను.

2015 శరదృతువులో నేపాల్ సరిహద్దు దగ్గర సరుకు రవాణా స్తంభించినప్పుడు, అక్కడి ఇటుక బట్టీకి మేము పంపిన లారీలు కూడా రక్సౌల్ రోడ్డుమీద వరుసలో నిలిచిపోయాయి. నాకు బాగా గుర్తు, మేమందరం లారీల గురించి ఆందోళనపడుతుంటే ఆయన ప్రశాంతంగా అన్నారు. “ఇరుగూపొరుగూ అన్నాక మాటామాటా వస్తాది. మొదాల ఆగేది పొయ్యిలోకి పొయ్యేదే. మనం చేసేది పొయ్యి యాపారం. ఒగే వాకిలి నమ్ముకోని ఉండగూడదు.” ఆ మాటను ఆయన మరచిపోలేదు. ఢాకా ఆర్డర్లు జోరుగా వస్తున్న కాలంలోనే శ్రీలంక తేయాకు ఫ్యాక్టరీలకు నమూనాలు పంపడం మొదలుపెట్టారు. ఉన్న ఆర్డరుకే సరుకు అందించలేక చస్తుంటే ఈ లంక యావ ఏమిటని నేను గట్టిగానే అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వుకు అర్థం నాకు పోయిన ఏడాది వేసవిలో తెలిసింది. భారత, బంగ్లాదేశ్‌ల మధ్య సంబంధాలు బిగుసుకుని, భూమార్గాన సాగే సరుకులమీద అటువారు కొన్ని, ఇటువారు కొన్ని ఆంక్షలు పెట్టుకున్నారు. మా గుళికల ఊసు ఆ ఉత్తర్వులలో ఎక్కడా లేదు. కాని అక్కడ తయారైన దుస్తులు లారీలలో మన దేశానికి రావడం ఆగింది. మా అద్దకపు మిల్లు రంగువేసే గుడ్డ ఆ దుస్తులకే పోతుంది గనుక వాళ్లు షిఫ్టులు తగ్గించారు, బాయిలర్లు చల్లబడ్డాయి, చివరకు సరుకు పంపవద్దని కబురు వచ్చింది. ఎక్కడో రెండు రాజధానుల మధ్య మాట తేడా వస్తే ఆళ్లగడ్డలో నా మిషన్లు ఆగిపోయాయి. అంతవరకు నేను వార్తాపత్రికలో అంతర్జాతీయ పేజీని తిప్పేసి ఆటల పేజీకి పోయేవాడిని.

యాజమాన్యం మమ్మల్ని పిలిచి దాపరికం లేకుండా చెప్పింది. దసరాలోగా నికరమైన కొత్త ఆర్డరు రాకపోతే ఆళ్లగడ్డ ఫ్యాక్టరీని మూసివేయక తప్పదు, నంద్యాల గోదాము మాత్రం మిగులుతుంది. ఆ మధ్యాహ్నం హమాలీ మేస్త్రీ ఏసయ్య తన మనుషులతో షెడ్డు నీడలో ఊరక కూర్చుని ఉండగా పద్మమ్మ గారు ట్రాక్టరు నిండా కందికట్టెతో గేటు ముందు ఆగారు. ఆదిశేషయ్య గారు ఆ సమయానికి అక్కడే ఉండడం తటస్థించింది.

“ఏమప్పా ఆదిశేషయ్యా, కాల్చొద్దని నువ్వే గదా చెప్పింటివి. కళ్లంలో కుప్పలు కుప్పలుండాది. ఇప్పుడు వొద్దంటే యాడ పోసుకునేది?” అని ఆమె నిలదీశారు.

“ఎవరొద్దన్యారక్కా? లోపలికి పోనీ, దించుకుంటాం,” అన్నారాయన.

“ఫ్యాక్టరీ మూస్తాండారంట గదా.”

“మూసినప్పుడు చూద్దాంలేక్కా. నేనుండా గదా.”

ట్రాక్టరు లోపలికి వెళ్లింది. యజమాని అనుమతి లేదు, ఆర్డరు లేదు, అమ్ముడుపోతుందన్న ఆశ కూడా మాలో చాలామందికి లేదు. ఆ రోజునుండి ఆయన నంద్యాలలో తన కుర్చీని వదిలి ఆళ్లగడ్డలో నా గదిలో మకాం పెట్టారు. ఇక్కడినుండి లంకలోని తేయాకు ఫ్యాక్టరీలన్నింటికీ ఫోన్లు చేయగా, చేయగా, హట్టన్ కొండలలోని ఒక ఫ్యాక్టరీ మేనేజరు, శ్రీ శాంసన్ గారు, ఒక్క కంటైనరు పంపి చూడమన్నారు. ఆకు ఆరబెట్టడానికి వాళ్లు కట్టెలు కాలుస్తారు, ఆ కట్టె నానాటికీ దొరకడం కష్టమవుతోంది. అయితే ఊక కలిపిన గుళికలు పనికిరావు, బూడిద ఎక్కువ. వట్టి కందికట్టె, పత్తికట్టెలతోనే చేయాలి.

ఇక్కడ మా ఇద్దరికీ మహా యుద్ధం జరిగింది. ఊక మెత్తగా మిషనులోకి జారిపోతుంది. వట్టి కట్టె వేస్తే మిషను పళ్లు విరుగుతాయి. ఆ మాటే అన్నాను.

“పండ్లు ఇరిగితే మార్చుకుందాం జ్ఞానప్రకాశం. ఫ్యాక్టరీ మూస్తే దేన్ని మార్చుకుంటావు?” అన్నారు.

మిషనులో గుళికలు ఒత్తే అచ్చులు మార్చాము, కట్టెను రెండుసార్లు ఆరబెట్టాము, పళ్లు కొన్ని విరగ్గొట్టుకున్నాము, ఎట్టకేలకు నిగనిగలాడే గుళికలు తీశాము.

ఆదిశేషయ్య గారి మానవీయతకు ఒక ఉదాహరణ చెప్పడం ఇటువంటి వ్యాసాలలో పరిపాటి. నేను చెప్పబోయేది ఆయన చేసిన ఘనమైన పొరపాటు. వారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. కొత్త తావుకు పోయే మొదటి లోడుకు పూజ చేయడం మా ఫ్యాక్టరీ ఆనవాయితీ. బస్తాలమీద పసుపునీళ్లు చల్లుతాం, మామిడి తోరణం కడతాం, కొబ్బరికాయలు కొడతాం. లారీ తెరిచే ఉంటుంది గనుక గాలికి అన్నీ ఎండిపోయేవి, దండలు జిల్లా దాటేసరికి రాలిపోయేవి, ఏనాడూ ఇబ్బంది లేదు. ఈసారి ఫ్యాక్టరీ బ్రతుకే ఆ ఒక్క కంటైనరులో ఉంది గనుక ఆయన భక్తి కూడా ఆ మేరకు పెరిగింది. తెల్లవారుతూనే అహోబిలం వెళ్లి స్వామి తీర్థం తెచ్చారు. ఆయన సతీమణి ప్రభావతి గారు ఇంట్లో బంతిపూలదండలు గుచ్చి పంపారు. తోరణాలు కట్టడంలో ఏసయ్యను మించినవాడు మా యార్డులో లేడు. ఆదివారం చర్చికి కట్టినంత శ్రద్ధగా అతడు కంటైనరు లోపల ఈ మూల నుండి ఆ మూలకు కట్టాడు. బిందెడు పసుపునీళ్లు ముందువరుస బస్తాలమీద కుమ్మరించారు, గడపమీద కొబ్బరినీళ్లు పారాయి. నేనూ ఒక ప్రక్కగా నిలబడి నా ప్రార్థన నేను చేసుకున్నాను. అనంతరం ఆ దండలూ తోరణాలూ తడి బస్తాలూ లోపలే ఉండగా తలుపులు బిగించి సీలు వేసి, ఎంతో తృప్తితో చెన్నై రేవుకు సాగనంపాము.

గాలి చొరని ఇనుప పెట్టెలో, సముద్రపు ఉక్కలో ఆ పూజాద్రవ్యాలన్నీ ఏమయ్యాయో కొలంబోలో తలుపు తెరిచినప్పుడు తెలిసింది. ముందువరుస బస్తాలు ఉబ్బి బూజుపట్టాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. పరాయి దేశంలోకి పచ్చి ఆకు, పువ్వు చెప్పకుండా తీసుకుపోవడం నేరం. మొక్కల తనిఖీ అధికారులు కంటైనరును నిలిపివేశారు. శాంసన్ గారు ఫోను చేసి, ఇదేనా మీ నాణ్యత అని అడిగి పెట్టేశారు. దసరా ఎంతో దూరంలో లేదు.

అత్యవసరంగా జరిగిన సమావేశంలో ఒకరు ఒక ఉపాయం చెప్పారు. చెన్నై రేవులో కూలీలు ఆ పూలు పెట్టి ఉంటారని, మనకు తెలియదని వ్రాస్తే సరిపోతుందన్నారు. గదిలో కొన్ని తలలు ఊగాయి కూడా. ఆదిశేషయ్య గారు లేచి నిలబడ్డారు.

“ఆ దండ మా ఇంటామె గుచ్చింది, నేను ఏసింది. పొట్టకూటికి మూట మోసేటోని నెత్తిన దాన్నెట్ల పెడదాం? నేనే చెప్తా,” అన్నారు.

అందరి ఎదుటే శాంసన్ గారికి ఫోను కలిపి, తనకు వచ్చిన అరవంలో, ఆ పూలు తానే పెట్టానని, తన ఫ్యాక్టరీ నిలబడాలని దేవునికి మొక్కుకుని పెట్టానని, తెలివితక్కువతనమే తప్ప మోసం కాదని చెప్పారు. అంతా విని శాంసన్ గారు ఒక్కటే అన్నారు, అయితే మీరే వచ్చి ఆ మాట అధికారులకు చెప్పండి అని. తీసుకుని ఏళ్లయినా ఒక్క ముద్ర కూడా పడని పాస్‌పోర్టు పట్టుకుని, పదవీ విరమణకు నెలలే మిగిలిన ఆ మనిషి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కారు.

కొలంబోలో అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడి జరిగింది జరిగినట్లు చెప్పారు. చెడిన బస్తాలను, ఆకులను వారి కళ్లెదుటే కాల్చివేయించారు. తక్కిన బస్తాలు గలగలమంటూ ఎండుగా ఉన్నాయని తేలింది. ఇక్కడ ఆళ్లగడ్డ ఆరబోతకు దక్కవలసిన ఘనతను నేను వదులుకోదలచుకోలేదు. సరుకు విడుదలైంది, కాని పరీక్ష ఇంకా మిగిలే ఉంది. హట్టన్‌లో పొయ్యి దగ్గర పనిచేసేవారు దుంగలు తోసినట్లే మా గుళికలను పారలకొద్దీ గుమ్మరించారు. మంట ఊపిరాడక పొగ క్రమ్ముకుంది, ఆకు చెడుతుందని గోల పుట్టింది. ఆదిశేషయ్య గారు చొక్కా విప్పి, తువ్వాలు తలకు చుట్టి, ఆ పొయ్యి ముందు కూర్చున్నారు. కొంచెం కొంచెంగా వేయడం, గాలి ఎప్పుడు వదలాలో చూడడం వాళ్ల చేతులు పట్టుకుని నేర్పారు. లంకలో ఉన్నన్నాళ్లూ అక్కడే, వాళ్ల క్వార్టర్లలోనే పడుకుని, వాళ్లతోనే తిని, కూరలో కారం చాలదని ఫిర్యాదు చేస్తూ గడిపారు. ఇక్కడ ప్రభావతి గారిని పలకరించడానికి వెళితే ఆమె నిట్టూర్చి, “ఇంట్లో ఒగదినమన్నా పొయ్యికాడికి రాని మనిషి, ఆడ పరాయి దేశంలో పొయ్యి ఎగదోస్తాండాడంట నాయనా. చూసే రాత నాకు లేకపాయె,” అన్నారు. ఆమె నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు.

శాంసన్ గారు ఆ పొయ్యిమీద ఆరిన తేయాకును స్వయంగా కాచి రుచి చూసి, ఏడాది పొడవునా సరుకు పంపమన్నారు. కబురు దసరాకు ముందే వచ్చింది. ఆళ్లగడ్డలో ఆగిన మిషన్లు మళ్లీ తిరిగాయి. వాటిలో మొదట వేసింది పద్మమ్మ గారు ట్రాక్టరుతో గేటు ముందు ఆగి నిలదీసిన నాటి కందికట్టెలో మిగిలిన కుప్పనే. నాకు నలభై ఏళ్లు దాటిన తరువాత కన్నీళ్లు వచ్చిన సందర్భాలు తక్కువ, అందులో ఇది ఒకటి.

నవంబరులో తుపాను ఆ కొండసీమను ముంచెత్తి రోడ్లు తెగిపోయినప్పుడు మా రెండు లోడ్లు ఆలస్యమయ్యాయి. ఆదిశేషయ్య గారు ఫోను చేసి మొదట అడిగింది సరుకు సంగతి కాదు, తనకు అన్నం పెట్టిన పొయ్యి కూలీల ఇళ్లు నిలిచాయా అని. ఇప్పుడు అటు ఢాకా నుండి కూడా అడపాదడపా మాటలు వస్తున్నాయి. ఆ దారి పూర్తిగా తెరుచుకున్నా ఈ దారి మూసుకోకూడదని తన స్థానంలోకి వస్తున్న కుమారి చందనకు ఆయన రోజూ నూరిపోస్తున్నారు. పూజ ఆనవాయితీ మానలేదు. సీలు వేసిన తరువాత, గేటు బయట, దండ లారీ ముఖానికి మాత్రమే అని ఆయనే కొత్త నియమం పెట్టి వెళ్తున్నారు.

పొరుగు దేశాల కోపతాపాలు మా చేతిలో లేవు. రేపు ఏ సరిహద్దు మూసుకుంటుందో, ఏ రేవు తెరుచుకుంటుందో చెప్పగల పాండిత్యం మాకు లేదు. ఇచ్చిన మాటకు నిలబడి, చేసిన తప్పును తనదేనని ఒప్పుకోగల మనిషి ఒకడుంటే ఒక ఫ్యాక్టరీ, దాని వెనుక నాలుగు మండలాల రైతులు నిలబడగలరని మాత్రం మేము కళ్లారా చూశాము. ఆయనతో కలిసి పనిచేశామని మా బిడ్డలకు చెప్పుకుంటాము. ఇంతకంటే పెద్ద మాట నాకు తెలియదు.

శ్రీ ఆదిశేషయ్య గారికి, శ్రీమతి ప్రభావతి గారికి కాళ్లలో సత్తువ, కంటికి చూపు, తిన్న జొన్నరొట్టె హాయిగా అరిగే ఆరోగ్యం, మా ఇళ్లలో జరగబోయే శుభకార్యాలన్నింటికీ వచ్చి అక్షతలు వేసేంత దీర్ఘాయువు కలగాలని మా సిబ్బంది అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. సన్మాన సభను నంద్యాలలోని కల్యాణమండపంలో చేద్దామని యాజమాన్యం అనుకుంది. ఆయన ఒప్పుకోలేదు. ఆళ్లగడ్డ షెడ్డులోనే పెట్టమన్నారు, సభ జరుగుతున్నంతసేపు ఒక్క మిషను కూడా ఆపకూడదని షరతు పెట్టారు. అందుచేత సభకు విచ్చేస్తున్న బంధుమిత్రులకు ఒక మనవి. ఆ రోజు వేదికమీద మేము చెప్పే మంచిమాటలు మీకు సగం వినిపించవు. దయచేసి ఎవరూ చప్పుడు ఆపమని అడగవద్దు. ఆయన వినడానికి వస్తున్నది దానినే.

— జ్ఞానప్రకాశం,
ఉత్పత్తి విభాగం, ఆళ్లగడ్డ